కింది వరస

ఆ పళ్ళ ఆసుపత్రిలో పళ్ళు పీకేది ముందుగదిలో. పీకించుకోవడానికి మనసు గట్టి చేసుకునేది మాత్రం వెనకగదిలో. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, వెనకగదిలో కూర్చునే మేస్త్రికీ తెలుసు. తెలియనిదల్లా వచ్చిన రోగికే.

డాక్టరు మంచివాడే, ఎవరినీ బలవంతపెట్టే రకం కాదు. నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చూసి, చేతులు కడుక్కుంటూ రెండు దారులూ చెప్పేవాడు. "ఉన్నవాటిని కాపాడుకోవచ్చు. దానికి పదేపదే రావాలి, ఓపిక కావాలి. లేదంటే అన్నీ తీసేసి సెట్టు పెట్టేస్తే ఒక్కసారితో గొడవ వదిలిపోతుంది. తొందరేం లేదు. వెనక మా మేస్త్రి ఉన్నాడు, సెట్లు ఎలా ఉంటాయో చూసి రండి. ఆ తరవాత మీ ఇష్టం." ఆ చివరి మాట ఆయన ఎంత మర్యాదగా అనేవాడంటే, ఆ ఇష్టాన్ని వెనకగదిలో ఎవరో వండి వడ్డించబోతున్నారన్న అనుమానం ఎవరికీ వచ్చేది కాదు.

వెనకగది మేస్త్రి కట్టుడు పళ్ళు చేసేవాడు. ఆ పనిలో అతని చేతికి తిరుగులేదు. గది ఇరుకు. ఒక మూల ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నెలు, ఇంకో మూల సానపట్టే మోటారు, కిటికీ గట్టు మీద మైనం కరిగించే స్పిరిట్ దీపం. గోడకు కొట్టిన చెక్క మీద ఊళ్ళోవాళ్ళ నోళ్ళ అచ్చులు తెల్లగా ఆరుతూ ఉండేవి. మేస్త్రి కనుబొమల మీద ఎప్పుడు చూసినా తెల్ల పొడే.

"రండి, కూర్చోండి. భయపడకండి, నా దగ్గర పటకారు లేదు," అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. నవ్వితే సగం పని అయినట్టే. "ఇవాళ ఒకటి, రేపు ఒకటి, ఇలా విడతలవారీగా ఏడవడం ఎందుకండీ? పన్నే లేని చోట పంటినొప్పి ఎక్కణ్ణించి వస్తుంది, చెప్పండి?" అని అడిగి, అద్దాల పెట్టెలోంచి నిగనిగలాడే సెట్టు ఒకటి తీసి, పైదీ కిందిదీ కలిపి చేతిలో టకటకలాడించి చూపించేవాడు. ఎవరో పెద్దాయన ఈ పళ్ళతో ఆపిల్ పండు కొరుక్కుని తింటున్నాడని చెప్పేవాడు. ఆ పెద్దాయన ఎవరో అతనికే సరిగ్గా గుర్తులేదు. ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా ఆయన నిజంగానే ఉన్నాడనిపించేది. రోగి లేచి, దవడ పట్టుకుని ముందుగదికి వెళ్ళి, "అన్నీ తీసెయ్యండి డాక్టరుగారూ" అనేవాడు.

మేస్త్రి మోసగాడు కాడు. అలా అనుకుంటే అతన్ని అర్థం చేసుకోవడం చాలా తేలికైపోతుంది. అతనికి ఒక నమ్మకం ఉండేది. సెట్టు పెట్టించుకున్నవాళ్ళు కొద్దివారాలు సరిచేయించుకోవడానికి వచ్చేవాళ్ళు, తరవాత రావడం మానేసేవాళ్ళు. రావడం మానేశారంటే హాయిగా ఉన్నారని లెక్క. చెప్పులు కుట్టేవాడూ, కళ్ళజోళ్ళవాడూ అలాగే అనుకుంటారు కదా! కాకపోతే చెప్పు కరిస్తే ఇంకో జత కొనుక్కుంటారు. పళ్ళ సంగతి అలా కాదని అతనికి తట్టలేదు.

తెలిసిన సంగతి ఒకటుంది. పని నేర్పిన గురువు మొదట్లోనే చెప్పాడు. పై సెట్టు అంగిటికి అతుక్కుని నిలబడుతుంది. కింది సెట్టుకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. కింద గట్టి పళ్ళు రెండు మిగిలినా చాలు, వాటికి తీగె తగిలించి మిగతావి నిలబెట్టొచ్చు. ఆ రెండూ పీకేస్తే ఎంత పనివాడి సెట్టయినా చిగురు మీద తేలుతూ ఉంటుంది. ఇది మేస్త్రికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. అయితే వెనకగదికి వచ్చినవాళ్ళెవరూ అది అడగలేదు, అతనూ చెప్పలేదు.

మేస్త్రి భార్య బస్టాండులో మైకు ముందు కూర్చునేది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పడం ఆమె పని. మనిషి ఎలా ఉంటుందో ఊళ్ళో చాలామందికి తెలియదు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయల కొట్లో "కిలో ఇవ్వండి" అనగానే కొట్టువాడు తలెత్తి, "మీరు బస్టాండు అమ్మగారు కదూ!" అనేవాడు. ఆమె వద్దువద్దంటూనే మురిసిపోయేది. ఇంటికొచ్చి ఆ ముక్క మొగుడికి చెప్పకుండా ఉండేది కాదు. "మీరు చేసిన పళ్ళు లోపల దాక్కుంటాయి, నా గొంతు ఊరంతా తిరుగుతుంది," అని ఉడికించేది.

ఆమెకు చిగుళ్ళ జబ్బు పట్టుకుంది. మొదట రక్తం, తరవాత వాపు, తరవాత పై పళ్ళు ఒక్కొక్కటే కదలడం. బుగ్గలో లవంగం పెట్టుకుని మైకులో మాట్లాడేది. పళ్ళ బిగువున నెట్టుకురావడం అంటాం గానీ, ఆమెకు ఆ పళ్ళే బిగువుగా లేవు. రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ మూలుగుతుంటే మేస్త్రి లేచి కూర్చునేవాడు. ఏం చెయ్యాలో తెలిసేది కాదు. నోళ్ళతో బతికే మనిషే గానీ, నొప్పితో ఉన్న నోటిని అతనెప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు. అతని దగ్గరకొచ్చే నోళ్ళన్నీ ప్లాస్టరువి.

డాక్టరు చూసి, పైవి ఎలాగూ ఉండవన్నాడు. "కిందివి మాత్రం మీ ఇష్టం. శుభ్రం చేయించుకుంటూ, చిగుళ్ళకు చిన్న ఆపరేషను చేయించుకుంటే కొన్నేళ్ళు నిలబెట్టొచ్చు. కాస్త నొప్పి భరించాలి. లేదంటే పైవాటితో పాటే కిందివీ తీసేస్తే ఒక్కసారితో పోతుంది. మీకు నేను చెప్పేదేముంది, ఇంట్లోనే మేస్త్రిని పెట్టుకుని!" అని నవ్వి వెనకగదికి పంపాడు.

ఆమె వచ్చి, అందరూ కూర్చునే ఆ ఎత్తు స్టూలు మీదే కూర్చుంది. "ఏమండీ, ఏం చెయ్యమంటారు? పైవంటే సరే. కిందివి కూడా పోతే మాట పోతుందేమోనని నా భయం," అంది.

అడిగింది. ఇన్నేళ్ళలో ఆ స్టూలు మీద కూర్చుని అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడిగినది ఆమె ఒక్కతే.

మేస్త్రి చేతిలో అప్పటికే ఆమె నోటి అచ్చు ఉంది. దాన్ని వెలుగులో తిప్పి చూస్తున్నాడు. అచ్చులో వదులు పన్నూ గట్టి పన్నూ ఒకేలా కనబడతాయి. వంకరపోయిన కింది వరసని బొటనవేలితో తడుముతుంటే అతనికి ఒకటే ఆలోచన. ఎవరెవరికో పళ్ళు చేశాను, వాళ్ళు ఒకప్పుడు ఎలా నవ్వేవాళ్ళో నాకు తెలియదు. ఈ మనిషి పెళ్ళినాడు ఎలా నవ్విందో నాకు తెలుసు. ఆ నవ్వు మళ్ళీ చేసి పెట్టగలను. పాత కింది పళ్ళు ఉంచి అతుకులేస్తే అది రాదు. మొత్తం ఖాళీ అయితేనే వస్తుంది. ఆ ఆలోచన కడుపులో ఉండగానే నోరు తన దారిన తాను నడిచింది.

"భయపడకండి," అన్నాడు. "పన్నే లేని చోట పంటినొప్పి ఎక్కణ్ణించి వస్తుంది, చెప్పండి?"

ఆమె పకపకా నవ్వింది. "నన్ను 'మీరు' అంటారేమిటి, మీ మొహం!"

అతనూ నవ్వాడు. తేరుకుని, "నేను చేస్తాను కదా. మాట ఎక్కడికీ పోదు. కొత్తలో కాస్త ఇబ్బంది, తరవాత అలవాటవుతుంది," అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. ఊళ్ళోవాళ్ళే అతని మాట మీద నోరు అప్పగిస్తుంటే కట్టుకున్నది ఎందుకు అప్పగించదు? లేచి వెళ్ళి డాక్టరుతో, "అన్నీ తీసెయ్యండి," అంది.

రెండు వరసలూ ఒకే రోజు తీయడం కుదరదు కాబట్టి, పై వరస అయ్యాక కింది వరసకి కొన్ని వారాలు ఆగారు. ఆ వారాల్లో మేస్త్రికి మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పాలలో నానేసిన రొట్టె మింగుతూ, నొప్పి తగ్గిందని సంతోషంగా వేళ్ళతో సైగ చేస్తుంటే మళ్ళీ వెనక్కి పోయేది. ఇప్పుడు ఆపితే, ముందెందుకు చెప్పలేదంటుంది. అదొక్కటీ అడుగుతుందన్న భయమే. ఇంత చిన్న భయానికి అంత పెద్ద పని జరగనిచ్చాడు.

కింది వరస తీసిన రోజు అతను సానపట్టే మోటారు వేసుకుని కూర్చున్నాడు, ముందుగది చప్పుడు వినబడకుండా. కాసేపటికి డాక్టరు చెమట తుడుచుకుంటూ తలుపు తోశాడు.

"కింది కోరపళ్ళు రెండూ భలే గట్టివోయ్, ప్రాణం తీశాయి. వాటికి జబ్బే లేదు," అన్నాడు. ఆయనకది పని అలసట మాత్రమే. మేస్త్రి మోటారు ఆపడం కూడా మరిచిపోయాడు.

చిగుళ్ళు మానాక అతను తన బతుకులో చేయనంత శ్రద్ధగా ఆ సెట్టు చేశాడు. ముందు పళ్ళలో ఒకదాన్ని పెళ్ళినాడు ఉన్నట్టే కొంచెం పక్కకి తిప్పి పెట్టాడు. ఎర్రరంగు కొద్దికొద్దిగా కలిపి ఆమె చిగురు రంగే తెచ్చాడు. పెట్టి అద్దం చేతికిచ్చిన రోజు ఆమె చాలాసేపు చూసుకుంది, కళ్ళు తుడుచుకుంది. "నేనే!" అంది. మేస్త్రికి అంతకన్నా ఏం కావాలి? ఆ పూట అతను నిజంగా సుఖపడ్డాడు. కోరపళ్ళ మాట ఆ పూటకి మరిచిపోయాడు.

మైకు ముందు కూర్చున్నాక బండారం బయటపడింది. ఆమె నోరు తెరవగానే కింది సెట్టు లేచేది. లేచి పైదానికి తగిలి టక్కుమనేది. ఇంట్లో అయితే ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. మైకు మాత్రం దాన్ని ఎత్తుకుని బస్టాండంతా చాటేది. ప్రతి ఊరి పేరుకీ ముందొక టక్కు, వెనకొక టక్కు. సెట్టు జారకుండా నాలుకతో అదిమిపెడితే మాట ముద్దయ్యేది. ప్రయాణికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కండక్టర్లు అనుకరించడం మొదలుపెట్టారు. ఎవరో బస్సు తప్పి వచ్చి, "మైకులో ఎవరో తాగి మాట్లాడుతున్నారు," అని ఫిర్యాదు చేశారు.

మేనేజరు మర్యాదస్తుడే. "కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంటుందమ్మా," అని ఆమెను మరిచిపోయిన సామాన్ల గదిలో వేశాడు. బస్సుల్లో జనం వదిలేసిన గొడుగులూ, సంచులూ, ఒంటి చెప్పులూ ఉండే గది అది. అక్కడ మాట్లాడే పనే లేదు. మైకు ముందు ఇంకో అమ్మాయి కూర్చుంది. సామాన్ల గది గోడకి కూడా ఒక స్పీకరు ఉంది. ఆ గొంతు వింటూ ఈమె గొడుగులకు చీటీలు కట్టేది.

ఇంటికి రాగానే మేస్త్రి సెట్టు అడిగి తీసుకునేవాడు. ఒకచోట గీకేవాడు, ఒకచోట పూత వేసేవాడు. చిగురు ఒరుసుకుపోయి పుండు పడితే ఆ మేరకు పల్చన చేసేవాడు. "అలవాటవుతుంది, కొంచెం ఓర్చుకో," అనేవాడు. ఆమె ఓర్చుకునేది. ఒక్క మాట తూలలేదు. పైగా చుట్టుపక్కలవాళ్ళు జాలిపడితే, "ఆయన పనిలో లోపం లేదు, నా చిగురే సరిగ్గా లేదు," అని మొగుణ్ణి వెనకేసుకొచ్చేది. అది వింటుంటే మేస్త్రికి భూమిలోకి కుంగిపోయినట్టుండేది. తిట్టినా బాగుండుననుకునేవాడు.

ఒకరోజు ఆమె సామాన్ల గదినుంచి ఒక పొట్లం పట్టుకొచ్చింది. విప్పితే లోపల పళ్ళ సెట్లు. బస్సుల్లో దొరికాయట. ఏళ్ళ తరబడి ఎవరూ అడగడానికి రాకపోతే పారేస్తారు. ఇవి పారేసే డబ్బాలోకి పోబోతుంటే ఆమె ఆపింది.

"పాపం, ఎవరు పోగొట్టుకున్నారో! మీరు చేసినవేమో చూడండి. మనుషులు గుర్తొస్తే ఇచ్చేద్దాం," అంది.

మేస్త్రి చూశాడు. చేతిలోకి తీసుకోకుండానే తెలిసింది. ఆ చిగురు రంగు కలిపే చెయ్యి ఊళ్ళో ఇంకెవరికీ లేదు. అన్నీ అతనివే, అన్నీ కింది సెట్లే. పైది ఒక్కటి కూడా లేదు. ప్రయాణంలో నోరు ఒరుసుకుపోయి, ఓర్వలేక తీసి, రుమాల్లో చుట్టి పక్కన పెట్టుకుని, దిగేటప్పుడు మరిచిపోయి ఉంటారు. మరిచిపోయారని తెలిశాక కూడా ఒక్కడూ వెతుక్కుంటూ రాలేదు. వాళ్ళు హాయిగా ఉన్నారని ఇన్నాళ్ళూ అతను అనుకున్నాడు.

"జేబుల్లోంచి జారిపోయి ఉంటాయి," అన్నాడు.

"అంతే అయ్యుంటుంది," అందామె. నమ్మేసింది. ఆ సెట్లను సబ్బుతో కడిగి, ఒక గిన్నెలో నీళ్ళు పోసి పెట్టింది, ఎండిపోతే పాడవుతాయని.

ఆ నెలలోనే ఆమె చెల్లెలు వచ్చింది. బేకరీలో అమ్మకాలు చూసే మనిషి, నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది. అక్కకున్న చిగుళ్ళ జబ్బే ఆమెకూ వచ్చింది. చెంప వాచి ఉంది. వస్తూనే కుర్చీలో కూలబడింది.

"బావా, మీ డాక్టరు చూశాడు. ఉంచుకుంటే ఉంచుకో, పీకించుకుంటే పీకించుకో, నీ ఇష్టం అంటాడు! నా ఇష్టమే నాకు తెలిస్తే ఆయన దగ్గరికి ఎందుకు పోతాను? మీ అక్కని అడుగు, అంతకన్నా సాక్ష్యం ఏముందన్నాడు. అందుకే వచ్చాను. చెప్పక్కా, ఎలా ఉంది?"

అక్క చటుక్కున పక్కకి తిరిగి, తీసి పెట్టుకున్న కింది సెట్టు నోట్లో వేసుకుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని సర్దుకుంది.

"బాగానే ఉందే," అంది. టక్కుమంది. "నొప్పి లేదు. మాట కొంచెం తేడా. మీ బావ సరిచేస్తున్నారుగా, అలవాటవుతుంది."

అబద్ధం చెప్పాలని చెప్పలేదామె. తిరిగి రానివాటి గురించి తప్పు చేశానని ఎవరు ఒప్పుకోగలరు? అలవాటవుతుందన్న ఆశ ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్నే చెల్లెలికి కూడా పెట్టింది.

"అయితే తీయించేసుకుంటా. రోజూ చచ్చేకన్నా నయం," అని చెల్లెలు లేచింది. "అన్నీ ఒకేసారి. రేపే చెప్పేస్తా."

"ఆగు," అన్నాడు మేస్త్రి. "కూర్చో. నోరు తెరు."

"నువ్వూ డాక్టరువైపోయావా?"

"తెరవవే!"

ఆ కేకకి ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. అతను చెయ్యి కడుక్కొచ్చి, కింది కోరపన్ను పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. కదలలేదు. రెండోదీ కదలలేదు. వేలికింద వెచ్చగా, పాతేసినట్టు నిలబడి ఉన్నాయి. బతికున్న పన్నుని ఇలా పట్టి చూడడం అతనికి ఇదే మొదలు.

"పైవి పోతే పోనీ," అన్నాడు. "కిందివి ముట్టుకోనివ్వకు. చిగుళ్ళు కోయించుకో, శుభ్రం చేయించుకో, ఎంత నొప్పైనా పడు. అంతగా పోతే మిగతావి పోనీ గానీ ఈ రెండూ వదలకు. కింద అన్నీ తీసేస్తే సెట్టు నిలబడదు. నేను చేసినా నిలబడదు, ఎవరు చేసినా నిలబడదు. ఎన్ని ఏళ్ళైనా అలవాటవదు. ఈ పనిలో చేరిన మొదటిరోజే మాకు చెప్పే మాట ఇది."

చెల్లెలు అతని మొహం చూసింది, తరవాత అక్క మొహం చూసింది. సంచీ భుజాన వేసుకుంది.

"ఆయన చెప్పినట్టే చెయ్యవే," అంది అక్క, చాలా మెల్లగా. "ఉంచుకో." గుమ్మందాకా వెళ్ళి సాగనంపి వచ్చింది.

వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. కింది సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. పైదీ తీసింది. మొహం సగానికి కుదించుకుపోయింది. ఆ పళ్ళు లేకుండా అతని కళ్ళలోకి ఆమె సూటిగా చూడడం అదే మొదటిసారి. ఎప్పుడు తీసినా చెంగు అడ్డం పెట్టుకునేది.

"మొదటిరోజే చెప్పారా?" అంది.

నీ నవ్వు మళ్ళీ చెయ్యాలనుకున్నానని చెప్పబోయాడు మేస్త్రి. రాత్రుళ్ళు నువ్వు మూలుగుతుంటే చూడలేకపోయానని చెప్పబోయాడు. రెండూ నిజాలే. రెండిట్లో ఒక్కటి కూడా బయటికి తీయడానికి మొహం చెల్లలేదు.

"నేనూ అడిగాను కదండీ," అంది. "మీకు తెలియదనుకున్నాను. తెలియక చేశారు, పాపం, మనిషి లోపల ఎంత బాధపడుతున్నాడో అనుకుని, ఒక్క మాట అనకుండా ఓర్చుకున్నాను."

లేచి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే వెళ్ళి దింపింది. రొట్టె చిన్నచిన్న ముక్కలుగా తుంచి పాలలో వేసుకుంది. మేస్త్రి బల్ల మీది కింది సెట్టు అందుకుని, అలవాటు కొద్దీ ఎక్కడ ఒరుసుకుంటోందోనని వెలుగుకి ఎత్తి చూశాడు.

"దాన్ని ఇంక గీకకండి," అందామె వెనక్కి తిరక్కుండా. "నేను పెట్టుకోను."